మాట మీదే, నేల ఎవరిది? ప్రైవేటు స్థలాల్లో భావప్రకటన స్వేచ్ఛ, ట్రెస్‌పాస్: సమగ్ర మార్గదర్శి

మాల్ మెట్ల మీద కరపత్రాలు పంచుతున్న కుర్రాళ్ల దగ్గరికి సెక్యూరిటీ గార్డు వస్తాడు. "ఇక్కడ కుదరదు, వెళ్లిపోండి" అంటాడు. "ఆర్టికల్ 19 ఉంది, ఆపడానికి నువ్వెవరు?" అని వీళ్లు. "ట్రెస్‌పాస్ కేసు పెడతాం" అని లోపలి నుంచి వచ్చిన మేనేజరు. ట్రెస్‌పాస్ అంటే ఇంకొకరి స్థలంలోకి అనుమతి లేకుండా వెళ్లడం. ఇద్దరూ చట్టం తెలిసినట్టే మాట్లాడతారు, తెలిసింది మాత్రం సగమే. ఆర్టికల్ 19 ఆ మెట్ల మీద గార్డును ఆపదు. అలాగని గార్డు మాట వినకపోవడం ఒక్కటే నేరమూ అయిపోదు.

నిరసన చెప్పాలనుకునేవాళ్లకు, ప్రచారం చేసుకునేవాళ్లకు, వీడియోలు తీసేవాళ్లకు పనికొచ్చేలా, గేటు లోపలున్న యజమానులకూ అక్కరకొచ్చేలా దీన్ని రాస్తున్నాను. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్), సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) అమల్లోకి వచ్చాయి కాబట్టి కొత్త సెక్షన్లే చెబుతాను. పాతవి బాగా నలిగినవైతే పక్కన ఇస్తాను.

మొదటి అడుగు: మీ హక్కు ఎవరి మీద?

రాజ్యాంగంలోని 19(1)(ఎ) మాట్లాడే స్వేచ్ఛ ఇస్తుంది. 19(1)(బి) ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఇస్తుంది. ఈ హక్కులు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేయడానికి పుట్టినవి. కలెక్టరో కమిషనరో మీ నోరు నొక్కితే హైకోర్టుకు వెళ్లొచ్చు. ఫంక్షన్ హాలు యజమాని "మీ మీటింగుకు నా హాలు ఇవ్వను" అంటే అదే దారి పనిచేయదు.

దీనికి గట్టి ఆధారం 1969 నాటి రైల్వే బోర్డు వర్సెస్ నిరంజన్ సింగ్ తీర్పు. రైల్వే ఆవరణలో సభలు పెట్టుకునే హక్కు ఉందని రైల్వే ఉద్యోగి అయిన ఒక కార్మిక సంఘ కార్యకర్త వాదించాడు. మాట్లాడే హక్కు ఉందంటే ఎవరి స్థలంలోనైనా నిలబడి మాట్లాడొచ్చని కాదని, ఇంకొకరి ఆస్తి హక్కు అడ్డొచ్చిన చోట అది ఆగుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. గమనించండి, రైల్వే ప్రభుత్వానిదే. ప్రభుత్వ స్థలానికే ఈ మాట వర్తించినప్పుడు సొంత స్థలం సంగతి వేరే చెప్పాలా?

2023 జనవరి 3న సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం 19, 21 అధికరణల హక్కులను ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని మెజారిటీతో చెప్పింది. దాన్ని చూసి "ఇక మాల్‌లోనూ ధర్నా చేయొచ్చు" అనుకున్నవాళ్లున్నారు. కానీ ఆ కేసు మంత్రుల మాటల గురించి, స్థలాల గురించి కాదు. అదే రోజు కె.సి. సినిమా కేసులో, బయటి తిండి లోపలికి తేవద్దని షరతు పెట్టే హక్కు థియేటరు యజమానికి ఉందని, అది ఆయన ఆస్తి అని ఇంకో ధర్మాసనం తేల్చింది. మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల తిండిని ఆపకూడదు అన్నవి మాత్రం అలాగే ఉన్నాయి. మాల్, హోటల్, ఆసుపత్రి లాంటి చోట్ల మీకు ఎదురయ్యేది ఈ రెండో తీర్పు తర్కమే.

రెండో అడుగు: నేల ఎవరిది, స్వాధీనం ఎవరిది?

ఏం మాట్లాడాలో తర్వాత ఆలోచించొచ్చు. ముందు ఎక్కడ నిలబడతారో తేల్చుకోండి. నా లెక్కలో సగం కేసులు ఇక్కడే తప్పుతాయి.

రోడ్డు, ఫుట్‌పాత్, పార్కు ప్రజలవి. అక్కడ మీ ఎదురుగా ఉండేది ప్రభుత్వం, కాబట్టి ఆర్టికల్ 19 పూర్తి బలంతో ఉంటుంది. ఊళ్లో అంగడి ముందుండే అరుగు, షోరూమ్ ముందు పార్కింగుకు వదిలిన జాగా, మాల్ మెట్లు చూడటానికి రోడ్డులో భాగంలా ఉన్నా ప్రైవేటువే. మున్సిపాలిటీ ఫుట్‌పాత్ అంచు రాయి ఎక్కడుందో చూసుకుని దానికి ఇవతల, అంటే ఫుట్‌పాత్ వైపు, నిలబడితే సగం టెన్షన్ తగ్గుతుంది.

ప్రభుత్వానిదే అయినా అందరికీ తెరవని స్థలాలు ఇంకో రకం. ఆఫీసు లోపలి గదులు, రైల్వే ఆవరణ, మెట్రో స్టేషను అలాంటివి. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ప్రవేశించడమే నేరం, మీ ఉద్దేశంతో పని లేదు. 2002 నాటి మెట్రో రైల్వే చట్టమైతే మెట్రో ఆవరణలో ఏ రకమైన ప్రదర్శన కూడా చేయకూడదని నేరుగా నిషేధించింది. హైదరాబాద్ మెట్రోలో ప్లకార్డు పట్టుకునే ముందు ఇది గుర్తుండాలి.

ఇక స్వాధీనం. ట్రెస్‌పాస్ చట్టం కాపాడేది పట్టాను కాదు, స్వాధీనాన్ని. అద్దెకున్న ఇంట్లో స్వాధీనం అద్దెదారుది. ఇంటి ఓనరే అయినా బెదిరించడానికి లోపలికి జొరబడితే కేసు ఆయన మీద పడుతుంది. కిరాయికున్నవాళ్లు ఒక అభ్యర్థిని ఇంటికి పిలిచి మాట్లాడుకుంటే ఓనరు వచ్చి గెంటడానికి లేదు.

మూడో అడుగు: సెక్షన్ 329 ఏం అంటోంది

పాత 441, 447, 448 సెక్షన్లన్నీ ఇప్పుడు బీఎన్ఎస్ 329లో ఉన్నాయి. ఇంకొకరి స్వాధీనంలో ఉన్న ఆస్తిలోకి నేరం చేయాలనో, అక్కడున్నవాళ్లను బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ప్రవేశిస్తే అది క్రిమినల్ ట్రెస్‌పాస్. సక్రమంగానే లోపలికి వెళ్లి, తర్వాత అదే ఉద్దేశంతో అక్రమంగా ఉండిపోయినా అంతే. శిక్ష 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మనుషులు నివసించే ఇల్లు, గుడి, మసీదు, చర్చి లాంటి ప్రార్థనా స్థలం, సరుకు భద్రపరిచే కట్టడం అయితే అది హౌస్ ట్రెస్‌పాస్, జైలు ఏడాది వరకు. గుమ్మంలో కాలు పెట్టి తలుపు మూయనివ్వకపోయినా ప్రవేశించినట్టే లెక్క.

ఈ సెక్షన్‌కు ప్రాణం ఉద్దేశం అన్న మాటలో ఉంది. 1964 నాటి మథ్రి కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: చికాకు కలుగుతుందని తెలిసి వెళ్లడం వేరు, చికాకు పెట్టడానికే వెళ్లడం వేరు. రెండోదే నేరం. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఉద్యోగులు పెన్ డౌన్ సమ్మె చేసి సీట్లలోంచి లేవకపోతే, అది క్రిమినల్ ట్రెస్‌పాసేనని బ్యాంకు వాదించింది. వాళ్ల ఉద్దేశం డిమాండ్లు ఒప్పించుకోవడమే తప్ప వేధించడం కాదని కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 1983లో కన్వల్ సూద్ కేసులోనూ, ఉండటానికిచ్చిన అనుమతి ముగిశాక ఖాళీ చేయకపోవడం సివిల్ వివాదమే తప్ప దానంతటదే నేరం కాదంది.

దీన్ని చూసి ధైర్యం ఎక్కువైపోకూడదు. ఉద్దేశాన్ని ఎవరూ తెరిచి చూడలేరు. మీ మాటలు, మీ చేతలు, ఎవరో తీసిన వీడియో చూసి కోర్టు ఊహిస్తుంది. "వీడి సంగతి ఇవాళ తేల్చేద్దాం" అని వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజీ ఉందనుకోండి, మథ్రి తీర్పు మిమ్మల్ని కాపాడదు.

ఇంకో రెండు విషయాలు చాలామందికి తెలియవు. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది క్రిమినల్ ట్రెస్‌పాస్ చేయడమే ఉమ్మడి లక్ష్యంగా కలిస్తే అది 189వ సెక్షన్ కింద చట్టవిరుద్ధమైన గుంపు అవుతుంది, జైలు 6 నెలల వరకు. కొట్టడానికో అడ్డగించడానికో సిద్ధమై, అంటే కర్రలూ రాడ్లూ పట్టుకుని, ఇంట్లోకి దూరితే సెక్షన్ 333 (పాత 452): 7 ఏళ్ల వరకు, బెయిలు హక్కుగా రాదు. మామూలు 329 మాత్రం బెయిలబుల్, స్వాధీనంలో ఉన్న వ్యక్తి ఒప్పుకుంటే రాజీ కూడా కుదురుతుంది. అయితే అది కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారంటు లేకుండానే చర్య తీసుకోగలరు.

నేరం కాకపోయినా సివిల్ తప్పు మిగిలే ఉంటుంది. అనుమతి లేని అడుగు ఏదైనా సివిల్ చట్టంలో ట్రెస్‌పాసే. యజమాని కోర్టు నుంచి ఇంజంక్షన్ (ఆ పని చేయకూడదనే ఉత్తర్వు) తెచ్చుకోవచ్చు, నష్టపరిహారం అడగొచ్చు.

నాలుగో అడుగు: తెరిచిన తలుపు ఎంతవరకు పిలుపు?

షాపు తలుపు తెరిచి ఉందంటే కొనడానికి రమ్మని పిలుపు. ఆ పిలుపులో బేరమాడటం ఉంది, చూసి వెళ్లిపోవడం ఉంది. కౌంటరు ముందు నిలబడి నినాదాలివ్వడం లేదు. ఏ పనికి అనుమతి ఉందో ఆ పనికే. యజమాని ఆ అనుమతిని ఏ క్షణమైనా వెనక్కి తీసుకోవచ్చు. తీసుకున్నాక మీరు బయటికి నడవడానికి తగినంత సమయం ఇవ్వాలన్నది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 63వ సెక్షన్‌లో ఉన్న సూత్రం. అంటే "వెళ్లిపో" అన్న మరు సెకనుకే మెడ పట్టి గెంటడానికి లేదు.

"అనుమతి లేనిదే లోపలికి రారాదు" అన్న బోర్డు దాటడం ఒక్కటే క్రిమినల్ నేరం కాదు. కానీ మీకు ముందే తెలుసు అనడానికి అది సాక్ష్యం. హైదరాబాద్ శివార్లలో ప్రతి ఖాళీ ప్లాటుకూ సర్వే నంబరుతో సహా వేలాడే "ఈ స్థలం ఫలానావారిది" బోర్డులు కూడా అంతే. అవి హక్కును సృష్టించవు, హెచ్చరికను మాత్రం రుజువు చేస్తాయి.

యజమాని విచక్షణకూ హద్దుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అంగళ్లలోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి రానివ్వకుండా ఆపకూడదని ఆర్టికల్ 15(2) అంటోంది. ఇది ప్రైవేటు యజమానిని కూడా కట్టడి చేసే అరుదైన అధికరణం. ఎస్సీ, ఎస్టీలను అలా ఆపితే అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసవుతుంది. "నా హోటల్, నా ఇష్టం" అన్న మాట అక్కడ చెల్లదు.

ఐదో అడుగు: చోటును బట్టి ఎత్తుగడ

మాల్, షోరూమ్. లోపల పంచాలంటే మేనేజ్‌మెంటు రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఇవ్వకపోతే బయటి ఫుట్‌పాత్ మీద పంచండి, దారికి అడ్డం పడకండి. లోపల వీడియో తీయడం దానంతటదే నేరమని చెప్పే సాధారణ చట్టం లేదు. కానీ వద్దని షరతు పెట్టే హక్కు యజమానికి ఉంది. యూట్యూబ్ ఛానల్ లోగో ఉన్న మైకు చేతిలో ఉంటే ప్రత్యేక హక్కు వస్తుందనుకోవడం మన రాష్ట్రాల్లో బాగా పాతుకుపోయిన భ్రమ. పత్రికా స్వేచ్ఛ కూడా 19(1)(ఎ)లోంచే వచ్చింది. మామూలు పౌరుడికి తెరుచుకోని గేటు ప్రెస్ కార్డుకు కూడా తెరుచుకోదు.

అపార్ట్‌మెంట్. ఇక్కడ లెక్క మారుతుంది. ఫ్లాటు కొన్నవాళ్లకు మెట్లు, సెల్లారు, టెర్రస్ లాంటి ఉమ్మడి స్థలాల్లో వాటా ఉంటుంది. అసోసియేషన్ లెక్కలు అడిగినందుకు సొంత ఫ్లాటుదారును ట్రెస్‌పాసర్ అనలేరు. మీటింగులో ప్రశ్నించకుండా ఆపనూ లేరు. అయితే లిఫ్టు పక్కన పోస్టరు అంటించడం, కారిడార్లో మైకు పెట్టడం బైలాస్ (అసోసియేషన్ నియమావళి) ప్రకారమే సాగాలి. బయటి నుంచి ప్రచారానికి వచ్చేవాళ్లకు ఒక్క నివాసి పిలుపు ఉంటే ఆ ఇంటి వరకు వెళ్లే దారి దొరుకుతుంది. ఆ దారిలో ప్రతి తలుపూ కొట్టే అనుమతి అందులో లేదు. "ఎన్నికల ప్రచారాన్ని కూడా రానివ్వం" అనే కమిటీలు అన్ని పార్టీలకూ ఒకే నియమం పెడితే గొడవ తక్కువ.

ఆసుపత్రి. ఎక్కువసేపు చెప్పుకోవాల్సింది దీని గురించే. రోగి చనిపోతే బంధువులు, వెనక ఊళ్లోవాళ్లు వచ్చి మృతదేహంతో గేటు ముందు బైఠాయించడం తెలుగు రాష్ట్రాల్లో తరచూ కనిపిస్తుంది. ఆవేశం అర్థమవుతుంది, కానీ చట్టపరంగా ఇంత ప్రమాదకరమైన చోటు ఇంకోటి లేదు. 2008 నాటి ఆంధ్రప్రదేశ్ వైద్య సిబ్బంది, వైద్య సంస్థలపై హింస నిరోధక చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. సిబ్బంది మీద దాడికి, ఆస్తి ధ్వంసానికి 3 ఏళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. నేరం నాన్ బెయిలబుల్. పగలగొట్టినదాని విలువకు రెట్టింపు పరిహారం కట్టించవచ్చు. ఒక్క అద్దం పగిలినా న్యాయం అడగడానికి వెళ్లిన కుటుంబం నిందితుల జాబితాలోకి మారిపోతుంది. పైగా ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉంటే, అక్కడ మైకు పెట్టడానికి వీల్లేదు. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందని అనుమానముంటే ముందు కేస్ షీటు, పరీక్షల రిపోర్టుల నకళ్లు రాతపూర్వకంగా అడగండి. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి పోస్టుమార్టం కోరండి. తర్వాత వైద్య మండలికి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. నిరసన చెప్పాలంటే అంబులెన్సు దారి వదిలి, గేటుకు అవతల రోడ్డు పక్కన నిలబడండి.

కంపెనీ గేటు. గేటు బయట మీటింగు పెట్టుకోవడం కార్మికుల పాత హక్కే. కంపెనీలు సివిల్ కోర్టుకు వెళ్లి గేటుకు ఇన్ని మీటర్ల లోపు గుమిగూడకూడదని ఇంజంక్షన్ తెచ్చుకోవడం కూడా మామూలే. ఆ ఉత్తర్వు ఉందేమో కనుక్కుని, దూరం కొలుచుకుని నిలబడండి. ఘెరావ్ జోలికి పోవద్దు. మేనేజరును గదిలోంచి కదలనివ్వకపోవడం అక్రమ నిర్బంధమని 1960లలోనే కలకత్తా హైకోర్టు తేల్చింది.

నాయకుల ఇంటి ముట్టడి. ఇంటి ముందున్న రోడ్డు ప్రజలదే. గేటు తోసుకుని లోపలికి వెళ్తే మాత్రం అది హౌస్ ట్రెస్‌పాస్ దారి. పైన చెప్పిన 189, 333 కూడా ఇక్కడే ఎక్కువగా పడతాయి.

గోడలు. ఇంకొకరి గోడ మీద రాత, పోస్టరు వాళ్ల అనుమతి లేకుండా వద్దు. 1997 నాటి బహిరంగ స్థలాల వికృతీకరణ నిరోధక చట్టం మన దగ్గర ఉంది. ఎన్నికలప్పుడు ప్రైవేటు గోడకు కూడా యజమాని రాతపూర్వక అనుమతి చూపించాలి.

ఆరో అడుగు: మాటకు ఉన్న హద్దులు

సొంత స్థలంలో నిలబడినా, అనుమతి తీసుకున్న హాల్లో నిలబడినా 19(2) వెంట ఉంటుంది. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి రెచ్చగొట్టడం: వీటి పేరుతో మాత్రమే, చట్టం ద్వారా మాత్రమే ప్రభుత్వం మాటను కట్టడి చేయగలదు. "నాకు నచ్చలేదు" అన్నది ఈ జాబితాలో లేదు.

ఆచరణలో మిమ్మల్ని ఇరికించేవి నాలుగైదు. పరువునష్టం సెక్షన్ 356. బెదిరింపు 351. గొడవ రేపడానికి తిట్టడం 352. మతాల, కులాల మధ్య విద్వేషం 196. స్త్రీని అవమానించే మాట, సైగ 79. కాబట్టి ప్లకార్డు మీద జరిగింది రాయండి, బిరుదులు రాయకండి. "నా డిపాజిట్ 8 నెలలుగా తిరిగివ్వలేదు, ఇదిగో రసీదు" అంటే నిలబడుతుంది. "దొంగల ముఠా" అంటే దొంగతనం రుజువు చేయాల్సిన బరువు మీ మీద పడొచ్చు.

ఏడో అడుగు: పర్మిషన్, మైకు

రోడ్డు మీద చేసే ప్రదర్శనకు స్థానిక పోలీసులకు ముందే రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఎంతమంది, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలు, బాధ్యుల పేర్లు, ఫోన్లు అందులో ఉండాలి. 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు, వీధుల్లో సభలను ప్రభుత్వం క్రమబద్ధం చేయొచ్చు గానీ ఇష్టం వచ్చినట్టు నిరాకరించే అధికారం అధికారికి ఇవ్వకూడదంది. మన దగ్గరి ఉదాహరణలు కావాలంటే రెండున్నాయి. 2017లో హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను ప్రభుత్వం ఎత్తేస్తే, 2018లో హైకోర్టు జోక్యంతో అక్కడ మళ్లీ నిరసనలకు దారి దొరికింది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్లపై సభలను కట్టడి చేస్తూ ఇచ్చిన జీవో 1ని అదే ఏడాది మే నెలలో హైకోర్టు కొట్టేసింది. రెండోవైపు, 2020 నాటి షాహీన్‌బాగ్ తీర్పు రోడ్డును నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడాన్ని ఒప్పుకోలేదు. గంటల లెక్కన అడగండి, రోజుల లెక్కన కాదు.

బీఎన్ఎస్ఎస్ 163వ సెక్షన్ (పాత 144) ఉత్తర్వు అమల్లో ఉందేమో ముందు రోజు కనుక్కోండి. మైకుకు విడిగా రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ నిషేధం. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ ప్రమాణం. మీ సొంత ఆవరణలో పెట్టుకున్న సౌండ్ సిస్టమ్ కూడా సరిహద్దు గోడ దగ్గర ఆ ప్రమాణం కంటే 5 డెసిబెల్స్‌కు మించకూడదు.

ఎనిమిదో అడుగు: "వెళ్లిపోండి" అన్న క్షణం

మొత్తం వ్యవహారం మలుపు తిరిగేది ఇక్కడ. అప్పటిదాకా ఉన్న అనుమతి ఈ మాటతో పోతుంది. "లోపలికి వచ్చి అక్రమంగా ఉండిపోవడం" అని 329 నిర్వచనంలో ఉన్న రెండో సగం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ఎవరు చెబుతున్నారో మర్యాదగా అడగండి: "సార్, మీరు మేనేజరా? ఏ కారణంతో వెళ్లమంటున్నారు?" జవాబు ఫోన్లో రికార్డవుతుంటే మంచిదే. వాదన పెంచకండి. "మేం వెళ్తున్నాం, బయట ఫుట్‌పాత్ మీద ఉంటాం" అని వినిపించేలా చెప్పి నడవండి. ఆ ఒక్క వాక్యం మీ ఉద్దేశానికి మీరు రాసుకునే సాక్ష్యం. ఎవరైనా చెయ్యి వేస్తే తిరిగి చెయ్యి వేయకండి, "చెయ్యి తీయండి" అని గట్టిగా అనండి.

ఫోన్ లాక్కోవడానికి, వీడియో బలవంతంగా డిలీట్ చేయించడానికి సెక్యూరిటీ గార్డుకు ఏ చట్టమూ అధికారం ఇవ్వలేదు. యూనిఫాం ఉన్నంత మాత్రాన గార్డు పోలీసు కాడు. అలా చేస్తే 112కు ఫోన్ చేయండి.

తొమ్మిదో అడుగు: మీరే యజమాని అయితే

మొదట మాటతో చెప్పండి, సాక్షుల ముందు, వీలైతే రికార్డింగుతో: ఇది మా స్వాధీనంలోని స్థలం, మీకు అనుమతి లేదు, దయచేసి బయటికి వెళ్లండి. వెళ్లడానికి సమయమివ్వండి. వినకపోతే 112. సీసీ కెమెరా ఫుటేజీ ఆ రోజే కాపీ చేసి పెట్టుకోండి, చాలా వ్యవస్థల్లో కొద్ది రోజుల్లో పాతది చెరిగిపోతుంది.

యజమానులు ఎక్కువగా తప్పేది వచ్చినవాళ్లను పట్టి గదిలో కూర్చోబెట్టడంలో. మామూలు పౌరుడు ఇంకొకరిని అరెస్టు చేయగలిగేది తన కళ్లముందు నాన్ బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం జరిగినప్పుడు, లేదా ఆ మనిషి కోర్టు ప్రకటించిన పరారీ నేరస్తుడైనప్పుడే (బీఎన్ఎస్ఎస్ 40). అప్పుడు కూడా 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. మామూలు ట్రెస్‌పాస్ బెయిలబుల్ కాబట్టి ఆ అధికారం మీకు లేదు. పట్టి కూర్చోబెడితే 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం కేసు మీ మీదే పడుతుంది. దానికి శిక్ష ఏడాది వరకు, అంటే ట్రెస్‌పాస్ కంటే ఎక్కువ!

ఆస్తిని కాపాడుకోవడానికి ఆత్మరక్షణ హక్కు ఉంది, అవసరమైనంత బలమే వాడాలి. పోలీసులను పిలిచే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు ఉండదు. కరపత్రాలు పంచేవాళ్ల మీదికి కుక్కను వదిలి "ఆత్మరక్షణ" అంటే ఏ మెజిస్ట్రేటూ వినడు.

స్థలం మీదే అయినా అప్పటికే ఇంకొకరు అందులో స్థిరంగా పాతుకుపోయి ఉంటే సొంతంగా ఖాళీ చేయించడానికి వెళ్లకండి, కోర్టు దారిలోనే వెళ్లాలి. మిమ్మల్నే బలవంతంగా ఖాళీ చేయిస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల లోపు దావా వేయొచ్చు. అక్కడ పట్టా ఎవరిదన్న ప్రశ్న కూడా రాదు.

పదో అడుగు: స్టేషన్ దాకా వెళ్తే

నిరసనకు ముందే పోలీసులు బీఎన్ఎస్ఎస్ 170వ సెక్షన్ (పాత 151) కింద ముందస్తుగా అదుపులోకి తీసుకోవచ్చు, కానీ 24 గంటలకు మించి ఉంచుకోవడానికి లేదు. అరెస్టయితే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి. మహిళలను అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత అరెస్టు చేయకూడదు. 329 లాంటి చిన్న శిక్షల కేసుల్లో సాధారణంగా బీఎన్ఎస్ఎస్ 35(3) కింద, హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. ఆ నోటీసు ప్రకారం హాజరవ్వండి. దాన్ని పట్టించుకోకపోవడమే అరెస్టుకు దారి. ఖాళీ కాగితం మీద సంతకం చేయకండి.

మీరే ఫిర్యాదుదారులైతే, స్టేషన్లో తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ 173(4) ప్రకారం ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో అయితే డీసీపీకి. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేటు కోర్టుకు వెళ్లొచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడ కూడా ఫస్ట్ అమెండ్‌మెంట్ (మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగ సవరణ) ప్రభుత్వాన్నే కట్టడి చేస్తుంది. 1946లో మార్ష్ కేసులో అలబామాలోని ఒక కంపెనీ ఊరి వీధుల్లో మత కరపత్రాలు పంచుకోవచ్చని సుప్రీంకోర్టు అంది, ఎందుకంటే ఆ ఊరు ఊరంతా కంపెనీదే. 1972లో లాయిడ్ కేసులో మాత్రం పోర్ట్‌లాండ్ మాల్‌లో వియత్నాం యుద్ధ వ్యతిరేక కరపత్రాలకు ఆ రక్షణ లేదంది. 1980 నాటి ప్రూన్‌యార్డ్ తీర్పుతో రాష్ట్రాలు తమ రాజ్యాంగాల ద్వారా ఎక్కువ రక్షణ ఇవ్వొచ్చని తేలింది. అందుకే కాలిఫోర్నియా మాల్‌లో చెల్లే సంతకాల సేకరణ ఇంకో రాష్ట్రంలో చెల్లకపోవచ్చు. ఒకరి ఇంటినే గురిపెట్టి చేసే పికెటింగును (ఇంటి ముందు నిలబడి చేసే నిరసనను) ఊళ్లు నిషేధించవచ్చని 1988లో ఫ్రిస్బీ తీర్పు చెప్పింది.

మన విద్యార్థులకు ముఖ్యమైన తేడా ఇంకోటి. చాలా రాష్ట్రాల్లో వెళ్లమని చెప్పాక వెళ్లకపోవడమే నేరం, మన దగ్గరిలా చికాకు పెట్టే ఉద్దేశం రుజువు కానక్కర్లేదు. పోలీసు ట్రెస్‌పాస్ వార్నింగ్ ఇచ్చాక అదే చోటికి తిరిగి వెళ్తే అరెస్టే. ఎఫ్1 వీసా మీద ఉన్నవాళ్లకు శిక్ష పడకపోయినా, ఒట్టి అరెస్టు రికార్డుతో వీసా రద్దయ్యే అవకాశం ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీ అయినా, ప్రైవేటు యూనివర్సిటీ అయినా క్యాంపస్ నిరసన నియమాలు వెబ్‌సైటులో ఉంటాయి. ప్లకార్డు రాసే ముందు అవి చదవండి, కేసు పడితే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా "చిన్న కేసే కదా" అని గిల్టీ ప్లీ (నేరం ఒప్పుకునే పత్రం) మీద సంతకం పెట్టకండి.